మన గోదాములో కఫీల్ ఎవరు?

(ఇంటి సామాను తరలించే ప్యాకర్స్ అండ్ మూవర్స్ యజమానులు, మేస్త్రీలు, హమాలీల సమావేశంలో మా హక్కుల బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరికి ఈ మధ్యకాలంలో విదేశాల నుండి ఒక కాగితం వస్తున్నది. బ్రిటన్‌లో ఉన్న సామాను తరలింపు కంపెనీ ఒకటి, ఇక్కడి నుండి అక్కడికి వెళ్ళే కుటుంబం తాలూకు ఇంటి సామాను పని మీకు అప్పగిస్తుంది. ప్యాకింగు, లోడింగు, కంటైనరును రేవు దాకా చేర్చడం మీ వంతు. పనితో పాటు ఒక ప్రశ్నావళి కూడా పంపుతుంది. మీ వద్ద పనిచేసేవారు ఇష్టపూర్వకంగా పనిచేస్తున్నారా? వారి గుర్తింపు పత్రాలు ఎవరి చేతిలో ఉన్నాయి? పనిలో చేరేందుకు వారు ఎవరికైనా డబ్బు చెల్లించారా? మీకు అట్టపెట్టెలు, టేపు, దుప్పట్లు అమ్మేవారి సంగతి మీకు తెలుసా? చివరి పేజీలో సంతకం, కంపెనీ ముద్ర. ఆ కాగితాన్ని మా వద్దకు తెచ్చినవారు ఎక్కువగా అడిగినది ఒక్కటే: "సంతకం ఎక్కడ పెట్టాలి?"

సంతకానికి ముందు ఆ ప్రశ్నలను చదువుదామన్నదే ఈనాటి మా విన్నపం. అవి తెల్లవాడు మన మీద రుద్దిన ప్రశ్నలని కొందరు అంటున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. బానిస వ్యాపారంతో రేవు పట్టణాలను కట్టుకున్న దేశం ఈనాడు మనకు నీతి చెప్పడం చూస్తే నవ్వు వస్తుంది. అయితే అడిగినవాడు ఎవరన్నది పక్కన పెడితే, ఆ ప్రశ్నలు మనం ఏనాడో వేసుకోవలసినవి. వాటికి మూలం మన ధర్మంలోనూ ఉన్నది, ఈ దేశ రాజ్యాంగంలోనూ ఉన్నది.

ముందుగా ఆ కాగితం వెనుక ఉన్న చట్టం గురించి రెండు మాటలు. బ్రిటన్ 2015లో ఆధునిక బానిసత్వ చట్టం చేసింది. దానిలోని 54వ సెక్షన్ ప్రకారం, ఆ దేశంలో వ్యాపారం చేస్తూ ఏడాదికి 3 కోట్ల 60 లక్షల పౌండ్లు లేదా అంతకు మించిన టర్నోవరు ఉన్న ప్రతి సంస్థా, తన పనులలోనూ తనకు సరుకూ సేవలూ అందించేవారి వద్దా బానిసత్వం లేకుండా ఏమి చేసిందో ఏటేటా ఒక ప్రకటన వెలువరించాలి. డైరెక్టర్ల బోర్డు ఆమోదించాలి, డైరెక్టరు ఒకరు సంతకం చేయాలి. ఆ చట్టంలో పెద్ద లొసుగు కూడా ఉన్నది. "మేము ఏ చర్యా తీసుకోలేదు" అని ప్రకటించినా చట్టం నెరవేరినట్లే! ప్రకటన ఇవ్వకపోతే జరిమానా లేదు. కనుక అనేక పెద్ద కంపెనీలు చేసే పని ఏమిటంటే, తమ మెడలోని బరువును ఒక ప్రశ్నావళిగా మార్చి కింది ఏజెంటు మెడలో వేయడం. ఆ ఏజెంటు మీరు. మీ కింద మేస్త్రీ. మేస్త్రీ కింద, పేరు కూడా ఎక్కడా రాసిలేని కూలి మనిషి. కాగితం పైనుండి కిందికి దిగుతూ వచ్చి సరిగ్గా ఆ మనిషికి ఒక మెట్టు ముందు ఆగిపోతున్నది.

బానిస అనగానే మన కళ్ళకు సంకెళ్ళు కనబడతాయి. ఈనాటి బానిసత్వంలో సంకెల కనబడదు. బ్రిటన్‌లోనే వెస్ట్ మిడ్లాండ్స్ పోలీసులు "ఆపరేషన్ ఫోర్ట్" పేరిట ఒక ముఠాను పట్టుకున్నారు. 2019లో కోర్టు వారిని దోషులుగా తేల్చింది. పోలండులో ఇల్లూ వాకిలీ లేనివారిని, జైలు నుండి విడుదలైనవారిని, తాగుడుకు బానిసలైనవారిని మంచి ఉద్యోగమని ఆశపెట్టి ఆ ముఠా తీసుకువచ్చింది. బాధితులు 400 మందికి పైగా ఉంటారని పోలీసుల అంచనా. వారు పనిచేసినది చీకటి గుహలలో కాదు. పొలాలలో, చెత్త శుద్ధి కేంద్రాలలో, పార్సిల్ గోదాములలో. ఏజెన్సీల ద్వారా వచ్చారు, అందరితో పాటే పనిచేశారు. కూలి బ్యాంకులోనే పడింది. కాకపోతే ఆ ఖాతా కార్డు ముఠా చేతిలో ఉండేది. మనిషి పని ముగించుకొని వెళ్ళి కిక్కిరిసిన మురికి గదిలో పడుకొనేవాడు. ఆ గోదాము యజమానిని అడిగితే "మా వద్ద అంతా సక్రమమే, జీతాలు బ్యాంకులో వేస్తున్నాము" అనే చెప్పి ఉండేవాడు. మనమూ అదే చెబుతున్నాము కదా!

ఇక మన గడ్డ మీదికి వద్దాం. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాలనూ, బేగారునూ, బలవంతపు చాకిరీనీ నిషేధించింది. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం వచ్చింది. దేశంలో ఏయే ప్రాంతాలలో వెట్టిని ఏయే పేర్లతో పిలుస్తారో ఆ చట్టమే ఒక పట్టికగా ఇచ్చింది. అందులో మన పేర్లు ఉన్నాయి: వెట్టి, జీతం, పాలేరు, నిజాం రాజ్యంలో వాడుకలో ఉన్న భాగేలా. అడ్వాన్సు పుచ్చుకొన్న పేదవాడు దొర ఇంట తరాల పాటు పడి ఉండటమే భాగేలా. తెలంగాణ పల్లెలు వెట్టి మీద తిరగబడిన కథ మన పెద్దల నోట విన్నదే. ఆ వెట్టి దొర గడీతోనే పోయిందని మనం అనుకుంటున్నాము.

చట్టం ఏమంటున్నదో జాగ్రత్తగా వినండి. ఒక మనిషి అడ్వాన్సు గాని అప్పు గాని తీసుకొని, దానికి బదులుగా ఈ కింది వాటిలో ఏ ఒక్క స్థితిలో పడినా అతడు వెట్టి కార్మికుడే. కూలి లేకుండా లేదా కనీస వేతనం కన్న తక్కువకు పనిచేయవలసి రావడం. మరొక చోట పనిచేసుకునే స్వేచ్ఛ కోల్పోవడం. ఇష్టం వచ్చిన చోటికి వెళ్ళే స్వేచ్ఛ కోల్పోవడం. తన శ్రమను గాని సరుకును గాని మార్కెట్ ధరకు అమ్ముకునే హక్కు కోల్పోవడం. నాలుగూ ఉండనక్కరలేదు, ఒక్కటి చాలు. కొట్టనక్కరలేదు, గదిలో తాళం వేయనక్కరలేదు. "అప్పు తీర్చి ఎక్కడికైనా పో" అన్న మాట మనలో ఎంత సహజంగా వస్తుందో! ఆ మాట చట్టం దృష్టిలో నేరానికి సాక్ష్యం.

1982లో సుప్రీంకోర్టు ఏషియాడ్ కార్మికుల కేసులో మరొక అడుగు ముందుకు వేసింది. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం కట్టిన నిర్మాణాలలో కూలీలకు కనీస వేతనం దక్కలేదని వచ్చిన కేసు అది. విన్నవారు జస్టిస్ పి.ఎన్. భగవతి, జస్టిస్ బహరుల్ ఇస్లాం. కనీస వేతనం కన్న తక్కువకు ఎవరైనా పనిచేస్తున్నాడంటే అది ఇష్టంతో కాదు, ఆకలి బలవంతం మీదనే అని, కనుక అది 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని వారు తీర్పు ఇచ్చారు. "వాడే ఒప్పుకున్నాడు సార్" అన్న సమాధానం ఆనాటితో చెల్లకుండా పోయింది.

"వారు మా మనుషులు కారు, మేస్త్రీ మనుషులు" అని మరొక సమాధానం ఉన్నది. 1985లో చట్టానికి చేసిన సవరణ ఆ దారిని కూడా మూసింది. కాంట్రాక్టు కార్మికులు, పొరుగు రాష్ట్రాల నుండి వచ్చిన వలస కార్మికులు కూడా ఆ పరిస్థితులలో ఉంటే వెట్టి కార్మికులే అని అది స్పష్టం చేసింది.

చట్టం మాటలు చాలు. గోదాములో ఈ వెట్టి ఎలా పుడుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఇది మేము ఊహించి వేసిన లెక్క, అంకెలు మీ మీ చోట్ల మారవచ్చు. ఒడిశాలోని బలంగీర్ వైపు నుండి ఒక కుర్రవాడు మేస్త్రీ వద్ద 30,000 రూపాయలు బయానా తీసుకొని వచ్చాడు. రోజుకూలి 600. మన పని నెలంతా ఒకేలా ఉండదు. నెలాఖరున, నెల మొదట్లో ఊపిరి ఆడదు. నడుమ గోదాములో కూర్చోవడమే. ఆషాఢంలో, మూఢం రోజులలో ఇళ్ళు మారేవారే తగ్గిపోతారు. సగటున నెలకు 15 రోజుల పని అనుకుందాం. 9,000 వచ్చింది. గదికీ భోజనానికీ రోజుకు 150 చొప్పున, పని ఉన్నా లేకున్నా 30 రోజులకు 4,500 పోయింది. ఇంటికి 4,000 పంపాడు. అప్పు కింద జమ పడినది 500. నాలుగు నెలలకు 2,000. ఐదవ నెలలో మెట్ల మీద పెద్ద టీవీ జారి పగిలింది. డ్యామేజీ 12,000 అతని పేర రాశారు. 30,000తో వచ్చిన మనిషి అప్పు ఇప్పుడు 40,000. ఇంటికి పోతానంటే మేస్త్రీ ఒప్పుకోడు. ఆధార్ కార్డు ఆఫీసు బల్ల సొరుగులో ఉంది.

ఇందులో ఎవరూ రాక్షసులు లేరు. మేస్త్రీ కూడా ఒకప్పుడు బరువులు మోసినవాడే. యజమాని ఈ కుర్రవాడి ముఖం కూడా సరిగా చూసి ఉండడు. అయినా మనిషి కట్టుబడిపోయాడు. ఆ కట్టులో ప్రతి ముడినీ ఎవరో ఒకరు మామూలు వ్యాపార ఆచారంగా వేశారు.

ఆ ముడులలో డ్యామేజీ కోత గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మా వద్దకు వచ్చే ఫిర్యాదులలో అది తరచుగా వినిపిస్తుంది. ఇన్సూరెన్స్ పేరిట కస్టమరు వద్ద సొమ్ము తీసుకుంటారు. వస్తువు విరిగితే దాని ఖరీదు హమాలీ కూలిలో కోస్తారు. ఒకే నష్టానికి రెండు చోట్ల వసూలు! కొందరు తీసుకున్న సొమ్ముకు అసలు పాలసీయే చేయించరు. వేతన చట్టం ప్రకారం, నష్టం కార్మికుని నిర్లక్ష్యం వల్లనే జరిగిందని తేలితేనే కోత పెట్టాలి. దానికి ముందు అతనికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అన్ని కోతలూ కలిపినా కూలిలో సగం మించకూడదు. లిఫ్టు లేని నాలుగో అంతస్తుకు ఇద్దరే ఫ్రిజ్ మోయవలసి వస్తే, అది జారడం ఎవరి నిర్లక్ష్యం? ముగ్గురిని పంపవలసిన చోట ఇద్దరిని పంపినవారిది కాదా?

ఇప్పుడు ఈ సభలో మేము చెప్పదలచిన అసలు మాటకు వస్తున్నాము.

గల్ఫ్‌కు మనిషిని పంపని గల్లీ పాతబస్తీలో ఉన్నదా? కడప, రాయచోటి నుండి, కరీంనగర్, నిజామాబాద్ నుండి వెళ్ళినవారి కుటుంబాలు కూడా ఈ సభలో ఉన్నాయి. కఫీల్ అన్న మాట మనకు ఎవరూ వివరించనక్కరలేదు. దిగిన రోజే పాస్‌పోర్టు తీసుకున్నాడని, ఒప్పుకున్న జీతం ఒకటి, ఇస్తున్నది ఒకటి అని, చావుకు కూడా ఇంటికి పంపలేదని ఫోనులో విన్న ఏడుపులు మన ఇళ్ళ గోడలకు తెలుసు. పాస్‌పోర్టు ఎప్పటికీ భారత ప్రభుత్వ ఆస్తియని 1967 నాటి పాస్‌పోర్టు చట్టం చెబుతున్నది. దానిని లాక్కునే హక్కు ఏ యజమానికీ లేదు. ఈ సంగతి మనం సభలలో చెబుతాము, కలెక్టరుకు వినతిపత్రాలు ఇస్తాము, పత్రికలలో రాస్తాము. కఫాలా పద్ధతి మారాలని అడుగుతాము. న్యాయమైన కోరిక.

అయితే మన సొరుగులో ఉన్న ఆధార్ కార్డు మాటేమిటి? దాని కోసం ఎదురుచూస్తున్న తల్లి బలంగీర్‌లో ఉన్నది, గయలో ఉన్నది, మాల్దాలో ఉన్నది. ఆమె దృష్టిలో కఫీల్ ఎవరు? అరబ్బు షేక్ కాదు. ఆమె నోట వినిపించే పేరు మన వీధిలోని ఒక హాజీ సాబ్‌ది కావచ్చు.

ఈ మాట పరుషంగా ఉన్నదని మాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు, ఎందుకంటే ఒకసారి మనం చెప్పుకోలేదు. 2015 జనవరిలో పాతబస్తీలోని గాజుల కార్ఖానాల నుండి పోలీసులు వందలాది పిల్లలను బయటికి తెచ్చారు. చాలామంది బీహార్ నుండి తేబడినవారు. చీకటి గదులలో, వేడి లక్కతో, రసాయనాల వాసనలో గాజులకు రాళ్ళు అతికిస్తున్న పిల్లలు. వారిలో మన సముదాయపు పిల్లలు ఉన్నారు, పని చేయించిన వారిలోనూ మనవారు ఉన్నారు. ఆనాడు కొందరు పోలీసుల తీరు గురించి మాత్రమే మాట్లాడారు. పోలీసుల తీరు గురించి మాట్లాడవలసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి, మేమూ మాట్లాడుతూనే ఉంటాము. కానీ ఆ పిల్లల గురించి ముందుగా మాట్లాడవలసిన వారు మసీదు కమిటీలు, మొహల్లా పెద్దలు, మనవంటి సంఘాలు. ఆ గదుల తలుపులు మన గల్లీల లోనికే తెరుచుకుంటాయి కదా!

ఈ వ్యాపారంలోనూ చిన్నపిల్లలు ఉన్నారు. "బరువులు మోయడు, చిన్న డబ్బాలు సర్దుతాడు, టేపు అందిస్తాడు" అంటారు. 14 ఏళ్ళ లోపు పిల్లవాడిని ఇలా పనిలో పెట్టుకోవడం నేరం. కుటుంబం బడి వేళల తరువాత చేసుకునే సొంత పనికి చట్టం ఇచ్చిన మినహాయింపు, కస్టమరు ఇంటికి వెళ్ళే మీ డీసీఎం బండికి వర్తించదు. 18 లోపువాడిని ప్రమాదకరమైన పనిలో పెట్టడం కూడా నేరమే. బడిలో ఉండవలసిన వయసువాడు బండి వెనుక సామాను మధ్య నిద్రపోతూ కనబడితే, ఎవరినీ అడగకుండా 1098కు ఫోను చేయండి.

ఇక ఆ ప్రశ్నావళి చివరి భాగం, మనకు సరుకు ఇచ్చేవారి సంగతి. ఇక్కడ మా అభిప్రాయం కొంత వేరు. పానిపట్‌లో పాత ఉన్ని బట్టలను చించి నేసిన దుప్పటి మీ ఫర్నిచరుకు చుట్టినప్పుడు, ఆ మిల్లులో ఎవరు ఎంత కూలికి నేశారో హైదరాబాదులో ఇద్దరు మనుషులతో ఆఫీసు నడిపే వ్యాపారి కనిపెట్టగలడా? కనిపెట్టలేడు. కనిపెట్టానని రాస్తే అది అబద్ధం. అందుచేత మనకు కనబడేంత దూరం చూద్దాం. అట్టపెట్టెలు కొనే దుకాణం కనబడుతుంది. మనం వాడి పారేసిన అట్టను ఏరుకొని పోయే పిల్లలు కనబడతారు. రాత్రిపూట లారీలు కడిగే షెడ్డులో నిద్రించే మనుషులు కనబడతారు. మరీ చవకగా ఎవరైనా సరుకు గాని మనిషిని గాని ఇస్తానంటే, ఆ చవకకు ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారని ఒక్కసారి అడిగితే చాలు. మిగతాది తెలియదని ఆ కాగితంలో నిజాయితీగా రాయవచ్చు. తెలియదని రాసిన ఏజెంటు, ముద్ర కొట్టి అన్నిటికీ "అవును" అని రాసినవాడి కన్న నమ్మదగినవాడు.

మీ వైపు నుండి రాగల అభ్యంతరాలను మేము తేలికగా తీసుకోవడం లేదు. రేటు మన చేతిలో లేదని అంటారు. ఆన్‌లైన్ సైట్లు ఒక్కొక్క కస్టమరు నంబరుకూ సొమ్ము గుంజుకొని, అదే నంబరును మరి ఐదుగురికి అమ్ముతాయి. ఐదుగురూ ఒకరి కన్న ఒకరు తగ్గించుకుంటూ పోతారు. చివరికి మిగిలేది హమాలీ కూలిలో నుండే. ఇది నిజం. ఈ సభకు వచ్చిన కుటుంబాల వారికి అందుకే ఒక మాట: ఇల్లు మారేటప్పుడు అందరికన్న తక్కువ చెప్పినవాడిని పిలిచి మళ్ళీ వెయ్యి రూపాయలు తగ్గించమంటాము. ఆ వెయ్యి ఎక్కడి నుండి తగ్గుతుందో మనకు తెలుసు. పనిచేసినవారికి నీళ్ళు, టీ ఇవ్వడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. దానితో పాటు "కూలి ఎంత ఇస్తారు బాబూ, నీ చేతికే ఇస్తారా?" అని అడగడం కూడా నేర్చుకుందాం.

అడ్వాన్సు ఇవ్వకపోతే మనిషి రాడని అంటారు. అడ్వాన్సు ఇవ్వడం పాపం కాదు. తిరిగి కట్టేదాకా కదలకూడదనడమే నేరం. ఎంత ఇచ్చారో అతనికి అర్థమయ్యే భాషలో రాసి ఒక కాగితం అతని చేతికి ఇవ్వండి. నెలకు ఇంత మించి కోయమని రాయండి. వెళ్ళిపోతానంటే వెళ్ళనివ్వండి. మిగిలిన బాకీ పోతుందా? కొన్నిసార్లు పోతుంది. వ్యాపారంలో పోయే బాకీలు ఎన్ని లేవు! పెద్ద కస్టమరు ఎగ్గొట్టిన బిల్లును నష్టం కింద రాసుకుంటాము, కూలివాడి బాకీని మాత్రం అతని ఒంటి మీద రాస్తాము.

మూడవది అన్నిటికన్న బరువైనది. "మనం ఇప్పటికే అనుమానం కింద బతుకుతున్న సముదాయం. ఇటువంటి మాటలు మనమే బయట పెడితే దాడులు మన దుకాణాల మీదనే జరుగుతాయి. ఇతరులు చేయడం లేదా?" ఈ భయం ఉత్తది కాదు. ఒకే తప్పుకు మనవాడి ఫోటో పత్రికలో పడటం, ఇతరులది పడకపోవడం మేమూ చూస్తున్నాము. మా సమాధానం ఇది. మనకు హక్కులు కావాలని ఏ రాజ్యాంగాన్ని చేతబట్టి అడుగుతున్నామో, ఆ మనిషికి 23వ అధికరణం అందులోనే ఉన్నది. ఆ పేజీ చించి మిగతా పుస్తకం మాది అనలేము. పైగా రిజిస్టరు సక్రమంగా ఉన్నవాడికి దాడి వస్తే చూపడానికి ఏదో ఒకటి ఉంటుంది. లేనివాడికి లంచం తప్ప మార్గం ఉండదు.

ధర్మం విషయంలో మేము ఉలమాల స్థానంలో మాట్లాడము. ఒక మనిషి చేత పూర్తి పని చేయించుకొని కూలి ఎగ్గొట్టినవాడికి ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడని తెలిపే హదీసు బుఖారీలో ఉన్నది. స్వేచ్ఛాజీవిని అమ్ముకొన్నవాడూ ఆ వరుసలోనే ఉన్నాడు. ఈ ఇద్దరినీ ఒకే చోట నిలబెట్టడం గురించి ఆలోచించండి. అల్ బలద్ సూరా బానిస విమోచనను ఎత్తైన కనుమ దారితో పోల్చింది. అత్తౌబా సూరా 60వ ఆయత్ జకాత్ సొమ్ము అందవలసిన ఎనిమిది వర్గాలను చెప్పింది. అందులో మెడలు విడిపించడం ఉన్నది, అప్పులలో కూరుకుపోయినవారికి సహాయం ఉన్నది. ప్రతి రమజాన్‌లో ఈ జాబితా చదువుతాము. మెడలు విడిపించే భాగం వచ్చేసరికి "ఇప్పుడు బానిసలు లేరు కదా" అని దాటిపోతాము.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉన్నది. జకాత్ సొమ్ము తీసుకువెళ్ళి యజమాని చేతిలో పోసి మనిషిని విడిపించడం మంచి పనిలా కనబడుతుంది. కానీ 1976 చట్టం ప్రకారం వెట్టి అప్పు చెల్లనే చెల్లదు. అది రద్దయిన అప్పు. కార్మికుడు అది వెట్టి అప్పని చెబితే, కాదని నిరూపించుకోవలసిన భారం అప్పిచ్చినవాడిదే. వెట్టి చేయించినవాడికి 3 సంవత్సరాల వరకు జైలు ఉన్నది. లేని అప్పుకు జకాత్ చెల్లించడమంటే నేరం చేసినవాడికి బహుమానం ఇచ్చినట్లవుతుంది. ఆ సొమ్ము వెళ్ళవలసిన చోట్లు వేరు. విడుదల పత్రం చేతికి వచ్చేదాకా ఆ మనిషి తిండికి, గదికి, ఊరికి రైలు టికెట్టుకు, కేసు ఖర్చుకు. అసలు అప్పు పుట్టకముందు, ఆసుపత్రి బిల్లో చెల్లెలి పెళ్ళో ముంచుకొచ్చినప్పుడు బైతుల్‌మాల్ నుండి వడ్డీలేని ఖర్జె హసనా ఇస్తే, అతడు మేస్త్రీ బయానా వైపు చేయి చాచడు. దీని ఫిఖ్ వివరాలు ఉలమాలు తేల్చాలి. ఆ ప్రశ్నను వారి ముందు పెట్టే పని మాత్రం మనది. కార్మికుడు ముస్లిమా కాదా అన్న ప్రశ్న వస్తే, జకాత్ కాని ఇతర దానాల సొమ్ము ఉండనే ఉన్నది.

విడుదల ఎలా జరుగుతుందో చాలామందికి తెలియదు. వెట్టి ఫిర్యాదు పోలీసు స్టేషనుకే ఇవ్వాలని లేదు. జిల్లా కలెక్టరుకు గాని ఆర్డీవోకు గాని రాసి ఇవ్వవచ్చు. ఈ చట్టం అమలు బాధ్యత కలెక్టరుది. ప్రతి జిల్లాలో, డివిజనులో విజిలెన్స్ కమిటీ ఉండాలని చట్టం చెబుతున్నది. అది లేని చోట, ఉండీ కూర్చోని చోట, కూర్చోబెట్టమని అడగడం మనవంటి సంఘాల పని. విడుదల పత్రం పొందినవారికి కేంద్ర పథకం కింద తక్షణ సహాయంగా 30,000 రూపాయల వరకు ఇవ్వాలి. ఆ తరువాత పునరావాసం కింద పురుషునికి లక్ష, స్త్రీలకూ పిల్లలకూ 2 లక్షలు, అక్రమ రవాణా వంటి దారుణ స్థితి నుండి బయటపడిన వారికి 3 లక్షలు. ఆ పెద్ద మొత్తం కేసు తేలేదాకా రాదు. కనుక విడిపించి ఫోటోలు దిగి వదిలేసిన మనిషి మళ్ళీ అదే మేస్త్రీ వద్దకు చేరుతాడు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోను చేయవచ్చు.

యజమానులు ఈ వారంలోనే చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. పది మంది కూలి ఒకే మనిషి ఖాతాలో పడుతున్నదా చూడండి. పడుతున్నదంటే ఆపరేషన్ ఫోర్ట్ కథ గుర్తు చేసుకోండి. ఎవరి కూలి వారి ఖాతాకు, లేదా సంతకం చేయించుకొని వారి చేతికే ఇవ్వండి. బెంగళూరుకో ముంబయికో పోయే బండిలో ఒకే డ్రైవరును రాత్రింబవళ్ళు నడపనివ్వకండి. పనికి కుదిర్చినందుకు కూలివాడి వద్ద ఎవరైనా కమీషన్ తీసుకున్నారేమో, మేస్త్రీ లేనప్పుడు ఆ కూలివాడినే అడగండి. మేస్త్రీ సోదరులకు కోపం రావద్దు. మీకు రావలసిన కమీషన్ యజమాని వద్ద బాహాటంగా అడిగి తీసుకోండి, మేము మీ పక్షాన నిలబడతాము.

వెనుక బల్ల మీద కూలి రిజిస్టరు నమూనాలు, అడ్వాన్సు కాగితం నమూనాలు తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా భాషలలో ఉంచాము. విదేశీ కంపెనీ ప్రశ్నావళి వచ్చినవారు దానిని తెస్తే, మా న్యాయవాదులు ఒక్కొక్క ప్రశ్న మీతో చదువుతారు. జవాబు మాత్రం మీరే రాయాలి. ఇక గుర్తింపు కార్డులు. ఈ రోజు ఇషా నమాజు తరువాత మీ గోదాముకు వెళ్ళి, ఆ సొరుగు తెరిచి, ఎవరి కార్డు వారికి ఇచ్చివేయండి. నకలు అవసరమైతే ఫోటో తీసి పెట్టుకోండి. పని వదిలి ఊరికి వెళ్ళిపోయినవారి కార్డులు ఇంకా మీ వద్దనే మిగిలి ఉంటే మాకు తెలపండి. చిరునామా వెతికి పోస్టులో పంపే ఖర్చు మేము పెట్టుకుంటాము.